ఊడిన గుండీ

పోయిన వారం మనం గుండీలక్కను ఎక్కడ వదిలేసి వచ్చామో గుర్తుందా? గ్రంథాలయం పై అంతస్తు హాల్లో, పొడుగు బల్ల ముందు, ఊడదీసిన కాగితపు టేపు ముక్కను వేలికి అంటించుకుని, నోరు తెరిచి నిలబడి ఉంది. పాపం, వారం నుంచీ అలాగే ఉంది. కాళ్ళు పీకేస్తూ ఉంటాయి. ఈ వారం ఆవిడను ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టడం మన ధర్మం.

కొత్తగా ఈ కథలో అడుగుపెట్టినవారికి ఒక మాట. ఇది ఒక చిన్న ఊరి చిత్రకళా మండలి ఏటా పెట్టే పోటీ ప్రదర్శన కథ. మండలి అనగానే ఏదేదో ఊహించుకోకండి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఒళ్ళు వంచి పని చేసేవాళ్ళు ముగ్గురే. నియమాలు రాసేది డ్రాయింగ్ మాస్టారు. బడి నుంచి రిటైరై చాలా కాలమైనా, ఎవరైనా గీత వంకరగా గీస్తే ఆయన చెయ్యి ఇప్పటికీ స్కేలు కోసం వెతుకుతుంది. ఫ్రేములు కట్టి గోడకు తగిలించేది లెవెల్ బాబాయి. నీటి బుడగ ఉన్న లెవెల్ పట్టీ ఎప్పుడూ ఆయన చంకలో ఉంటుంది. బుడగ మధ్యకు వస్తేనే ఆయనకు లోకం సవ్యంగా ఉన్నట్టు. మూడో మనిషి గుండీలక్క. బజారు మలుపులో గుండీలూ దారాలూ అమ్మే చిన్న కొట్టు ఆవిడది. మీ చొక్కా మీద మిగిలిన గుండీ చూపిస్తే, ఊడిపోయిన దాని కవలను డబ్బాలోంచి తీసి చేతిలో పెడుతుంది.

చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కే. తల నెరిసిన మాస్టారికీ అక్కే, ఆవిడ బాబాయ్ అని పిలిచే బాబాయికీ అక్కే. వరసలు కలపాలని చూడకండి, తల తిరుగుతుంది. ఇంతమందికి అక్క అయిన మనిషి తన నోటితో ఒకరిని 'అక్కా' అని పిలిచి ఎన్నేళ్ళయిందో మాత్రం ఎవరూ అడగలేదు. అడగనివి కూడా చెప్పే మనిషే, అది మాత్రం చెప్పలేదు.

ఇక టేపు సంగతి. ఎవరి బొమ్మో తెలియకుండా తీర్పు జరగాలన్నది మాస్టారు రాసిన మొదటి నియమం. అందుకని బొమ్మలన్నిటినీ ఫ్రేము లేకుండా అట్ట మీదే తెప్పించి, న్యాయనిర్ణేత రాకముందే ప్రతి బొమ్మ కింది మూలలో ఉండే సంతకాన్ని కాగితపు టేపుతో మూసేస్తారు. ఆ పని గుండీలక్కది. తన గురించి తనకు బాగా తెలుసు కాబట్టి ఆవిడ ముందే చెప్పింది: "నా నోట్లో నువ్వుగింజ నానదు మాస్టారూ. పేరు కంటబడిందంటే కొట్టుకొచ్చిన మొదటి మనిషికే చెప్పేస్తాను." అందుకే టేపు అంటించేటప్పుడు కళ్ళజోడు తీసేసి, మెడలో తాడుకు వేలాడదీసుకునేది. కళ్ళజోడు లేకపోతే ఆవిడకు సంతకానికీ సాలెగూడుకూ తేడా తెలియదు. కుడివైపు కింద ఏదో మసగ్గా కనిపిస్తే చాలు, టేపు పడేది. అంత నిజాయితీ. కాస్త తక్కువైనా బాగుండేది.

పదిహేడో నంబరు బొమ్మకు మొదటి బహుమతి వచ్చింది. తీర్పు చెప్పడానికి బయటి ఊరి నుంచి వచ్చినావిడ, మనవాళ్ళు జడ్జిగారు అంటున్న చిత్రకారిణి, ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, తన చేత్తో ఒక కార్డు రాసి పెట్టారు: 'ఈ గదిలో ఎవరూ లేరు. ఆ లేకపోవడమే ఈ బొమ్మకు ప్రాణం.' రాసి, కాస్త నడుం వాల్చడానికి కింది గదిలోకి వెళ్ళారు. సాయంత్రం జనం వచ్చేలోగా టేపులు ఊడదీసి, ఫ్రేములు బిగించి, బొమ్మలను గోడకెక్కించాలి. గుండీలక్క కళ్ళజోడు పెట్టుకుని పదిహేడో నంబరు టేపు ఊడదీసింది. అక్కడ ఆగాం.

*

ఆ హాలు పైకప్పులో గాజు పలకలున్నాయి. మధ్యాహ్నం దాటాక వెలుగు తిన్నగా పడదు. ఎక్కడో ఆగి, ఆలోచించుకుని, మెల్లగా దిగుతుంది. కింద చదువుకునే గదిలో ఎవరైనా పేజీ తిప్పితే పైకి వినిపిస్తుంది. ఇంకా గోడకెక్కని బొమ్మలు గోడ వారన ఆనుకుని కునుకు తీస్తున్నాయి. ఆ వేళలో ఆ హాల్లో ఎవరు మాట్లాడినా నిద్రలో మాట్లాడినట్టే ఉంటుంది.

"ఏమైందక్కా? పురుగేమైనా కుట్టిందా?" అన్నాడు లెవెల్ బాబాయి, నిచ్చెన మీంచి.

"సంతకం కాదు బాబాయ్."

"ఏది కాదు?"

"దీని కింద ఉన్నది. సంతకం కాదు. పిల్ల."

బాబాయి నిచ్చెన దిగాడు. టైటిల్ కార్డులు సర్దుకుంటున్న మాస్టారు కూడా వచ్చారు. ముగ్గురూ బల్ల మీదికి వంగారు.

బొమ్మలో ఒక గది. మధ్యాహ్నపు గది. కిటికీకి రకరకాల గుడ్డముక్కలు కలిపి కుట్టిన తెర. దాని గుండా వచ్చిన వెలుగు గచ్చు మీద రంగురంగుల గళ్ళుగా పడింది. గోడకు చేర్చి ఒక మంచం, మంచం మీద మడతపెట్టి ఉన్న పరుపు. ఎవరూ లేరు. ఇంతవరకూ జడ్జిగారు చూసిందే. టేపు తీసిన చోట, మంచం కింది నీడలో, ఒక చిన్నపిల్ల గొంతుక్కూర్చుని ఉంది. బొటనవేలంత పిల్ల. నవ్వు బయటికి రాకుండా రెండు చేతులతో నోరు మూసుకుంది. గౌనుకు ముందువైపు వరసగా తెల్ల గుండీలు. వాటి మధ్య ఒకచోట రంగు పెచ్చు లేచిపోయి, చిన్న గుంట పడి ఉంది.

గుండీలక్క టేపు ముక్కను తిరగేసి వెలుగులో పెట్టింది. జిగురు వైపు నువ్వుగింజంత ఎర్ర చుక్క అంటుకుని ఉంది.

"గుండీ ఊడింది," అంది. అనేసి, ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటుందో గానీ, ఈసారి మాత్రం ఆ టేపు ముక్కను జాగ్రత్తగా అరచేతిలో పెట్టుకుంది.

తెల్ల గుండీల మధ్య ఎర్ర గుండీ ఉన్న గౌను ఊళ్ళో ఎంతమందికి ఉంటుంది? అమ్మ దగ్గర తెల్లది ఒకటి తక్కువ పడితే, ఎవరి జాకెట్టుదో మిగిలిన ఎర్రది కుట్టేసింది. ఆ గౌను వేసుకోనని చిన్నప్పుడు గుండీలక్క ఎంత ఏడ్చిందో! "అందరిలో నువ్వు తప్పిపోతే ఆ గుండీ చూసి పట్టుకుంటానే," అని బుజ్జగించింది తోడబుట్టిన అక్క. ఆ తెర కూడా అమ్మ కుట్టిందే. ఆ మంచం తనదే.

కళ్ళ ముందు బొమ్మ అలికినట్టయింది. హాలు ఎటో వెళ్ళిపోయింది. ఒక ఎండాకాలం అక్కకు అంటుకునే జ్వరం వచ్చింది. అమ్మ చిన్నదాని పక్క తీసి మరో గదిలో వేసింది. "గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతా" అంది. రోజూ మధ్యాహ్నం పక్క గదిలో అమ్మ కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టగానే చిన్నది గడప దాటేది. ఖాళీగా ఉన్న తన మంచం కింద దూరి కూర్చునేది. ఎదుటి మంచం మీద అక్క పక్కకు తిరిగి పడుకుని చూసేది. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు, వేళ్ళతో సైగలు చేసుకునేవారు. మిషను చప్పుడు ఆగితే ఇద్దరూ ఊపిరి బిగబట్టేవారు. మళ్ళీ మొదలైతే ఇద్దరికీ నవ్వు వచ్చేది. జ్వరంలో ఉన్న మనిషి కళ్ళకు ఎలా కనిపిస్తుందో అలాగే ఉంది గది, అంచులన్నీ కాస్త కరిగిపోయి. చూస్తున్నది అక్క. అందుకే అక్క బొమ్మలో లేదు.

"దీని టైటిల్ 'మేమిద్దరం'," అన్నారు మాస్టారు కార్డు చూపిస్తూ. "నేనింకా ఆ ఇద్దరంటే గదీ, ఒంటరితనమూ అనుకున్నాను. ఎంత లోతు, ఎంత లోతు అని ఇందాకంతా పొంగిపోయాను."

"లోతు లేదు, పాడూ లేదు మాస్టారూ. మంచం కింద ఉన్నది నేను. చూస్తున్నది మా అక్క."

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నీకో అక్క ఉందా?" అన్నారు చివరికి.

ఉంది. పక్క ఊళ్ళోనే ఉంది. అమ్మ పోయాక ఆ కుట్టుమిషను ఎవరిదన్న దగ్గర మొదలైంది గొడవ. మిషను చెల్లెలి ఇంటికి చేరింది. తనను ఒక్క మాట అడగలేదని అక్కకు కోపం. అడిగితే కాదంటానా, నోరు తెరిచి చెప్పచ్చుగా అని చెల్లెలికి కోపం. ఆ తర్వాత మిషను సంగతి ఇద్దరూ మర్చిపోయారు. ముందు ఎవరు మాట్లాడాలన్నది మాత్రం మిగిలిపోయింది. అది మిషనుకన్నా బరువు.

"మండలిలో టేపు అంటించేది నేనని దానికి తెలుసు," అంది గుండీలక్క మెల్లగా. "తెలిసే పంపింది మాస్టారూ. నేను చూడాలని పంపింది. నేనేమో కళ్ళజోడు తీసేసి, నా మొహం మీద నేనే టేపు వేశాను."

నాకు తెలిసి గుండీలక్క ఎవరి ముందూ ఏడవలేదు. అప్పుడు కూడా ఏడ్చిందని నేననను. ముక్కు మాత్రం చీదుకుంది.

*

మాస్టారికి దుఃఖం వచ్చినా నియమాలే గుర్తొస్తాయి, సంతోషం వచ్చినా నియమాలే గుర్తొస్తాయి.

"ముందు చిక్కెక్కడుందో చూద్దాం," అన్నారు వేళ్ళు మడుస్తూ. "జడ్జిగారు బహుమతి ఇచ్చింది ఎవరూ లేని గదికి. గదిలో పిల్ల ఉంది. ఆవిడ చూసిన బొమ్మ ఒకటి, ఉన్న బొమ్మ ఒకటి. చెప్పామా, తీర్పు వెనక్కి తీసుకోవచ్చు. పోనీ ఊడిన రంగు దిద్దుదామా అంటే, తీర్పు అయ్యాక బొమ్మకు కుంచె తగిలితే అది పోటీలోంచి తప్పుకున్నట్టే. ఆ నియమం నేనే రాశాను."

రాయక ఏం చేస్తారు? ఒక ఏడాది ఒకాయన గోడకెక్కిన తన బొమ్మలో తీరిగ్గా చంద్రుణ్ణి వేసి వెళ్ళాడు. మధ్యాహ్నపు సంత బొమ్మ అది.

"మా అక్కకు బహుమతి పోకూడదు మాస్టారూ," అంది గుండీలక్క. "చిన్నప్పటి నుంచీ బొమ్మలేసింది. ఎవరూ బాగుందనలేదు. అమ్మ 'కాగితాలు తగలేస్తున్నావు' అనేది, బావగారు నవ్వేవారు. నేను మటుకు ఏమన్నాను గనక? ఇన్నాళ్ళకు ఒకరు బాగుందన్నారు. అది నా చేతుల మీదుగా పోకూడదు."

లెవెల్ బాబాయి గడ్డం గోక్కున్నాడు. ఆయన గడ్డం గోక్కున్నాడంటే ఉపాయం ఉన్నట్టే.

"చుట్టూ వేసే తెల్ల అట్ట అంచు ఉంది చూశావూ, దాన్ని కింద కాస్త వెడల్పుగా కోస్తాను. పిల్ల అంచు కిందికి పోతుంది. ఊడిన రంగూ కనబడదు, పిల్లా కనబడదు. జడ్జిగారు చూసిన బొమ్మే గోడ మీద ఉంటుంది. బుడగ మధ్యలోనే ఉంటుంది."

మాస్టారు నియమాల కాగితం వైపు చూశారు. అట్ట అంచు గురించి అందులో ఏమీ లేదు.

బాబాయి తెల్ల అట్ట తెచ్చి బొమ్మ మీద ఆనించి చూపించాడు. పిల్ల మాయమైంది. గది మళ్ళీ ఖాళీ అయింది. ఎంత బాగుందో! గచ్చు మీది గళ్ళు నిద్రపోతున్నాయి, తెర కదలబోయి ఆగినట్టుంది. గుండీలక్క చాలాసేపు చూసింది. తను లేని గది ఎంత ప్రశాంతంగా ఉంటుందో తన కళ్ళతో చూసే అదృష్టం ఎవరికి దక్కుతుంది?

"కప్పేయి బాబాయ్," అంది.

"ఆలోచించుకున్నావా?"

"చిన్నప్పుడు దాక్కోడమే కదా నా పని. ఇప్పుడూ దాక్కుంటాను. దానికి బహుమతి వస్తే చాలు."

బాబాయి పెన్సిలుతో అట్ట మీద గీత గీశాడు. కోసే కత్తి కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆ బొమ్మను ఇంకొక్కసారి చూడాలనిపించింది," అంటూ మెట్లెక్కి వచ్చారు జడ్జిగారు.

*

జడ్జిగారు తక్కువ మాట్లాడే మనిషి. మాటలు కూడా ఆవిడకు రంగుల్లాగే, అవసరమైనంతే వాడతారు. నిద్ర ఇంకా పూర్తిగా వదలని కళ్ళతో బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అట్ట అంచు ఇంకా బొమ్మ మీదే ఉంది. మాస్టారు ఎందుకో కిటికీ వైపు తిరిగి వాతావరణాన్ని పరిశీలించసాగారు. బాబాయి బల్ల మీద లెవెల్ పట్టీ పెట్టి బుడగ చూసుకున్నాడు. బల్లకు దానితో ఏం పనో ఆయనకే తెలియాలి.

"కింద పడుకున్నానే గానీ నిద్రలోనూ ఈ గదే," అన్నారు జడ్జిగారు. "వింతేమిటో తెలుసా? ఇందులో ఎవరూ లేరు. అయినా ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నట్టుంటుంది."

అంతే. నువ్వుగింజ ఇక నానలేదు.

"ఉన్నారండీ!" అనేసింది గుండీలక్క.

మాస్టారు కిటికీ ఊచ పట్టుకున్నారు. గుండీలక్క అట్ట అంచు పక్కకు తీసేసింది. కళ్ళజోడు సంగతి, టేపు సంగతి, జ్వరం సంగతి, మిషను సంగతి, ఒకదాని మీద ఒకటి పడిపోతుండగా మొత్తం చెప్పేసింది. చివర్లో చేతులు జోడించింది. "తప్పు నాదండీ. బొమ్మ వేసినావిడది కాదు. బహుమతి తీసెయ్యకండి. కావాలంటే కప్పేస్తాం. కప్పేస్తే మీరు చూసిందే ఉంటుంది."

జడ్జిగారు చేతిసంచీలోంచి చిన్న భూతద్దం తీసి బొమ్మ మూల మీదికి వంగారు. పైకప్పు నుంచి వెలుగు ఆవిడ మెడ మీద పడి, అక్కడే ఉండిపోయింది. కింద ఎవరో పేజీ తిప్పారు. మరో పేజీ కూడా తిప్పారు.

"రండి. చూడండి," అన్నారు.

గుండీలక్క భూతద్దంలోంచి చూసింది. ఎర్ర గుండీ ఊడిన గుంట ఇప్పుడు రూపాయి బిళ్ళంత కనిపించింది. గుంట అంచుల్లో రంగు పొరలు పొరలుగా ఉంది. ఎర్ర పొర కింద గౌను రంగు. దాని కింద మంచం నీడ నలుపు. దాని కింద మళ్ళీ ఎర్ర పొర. మళ్ళీ నలుపు. అడుగున మళ్ళీ ఎరుపు.

"బొమ్మంతా పల్చటి రంగు. ఈ మూల మాత్రం గోడంత మందం. ఎందుకో అర్థమైందా? పిల్లను వేసి, చెరిపేసి, నీడతో కప్పేశారు. మళ్ళీ వేశారు. మళ్ళీ కప్పేశారు. ఇది ఒక నెలలో, ఏడాదిలో జరిగింది కాదు. అడుగు పొర ఎంత పాతదో చూడండి, ఎలా పగుళ్ళు వచ్చిందో. మీరు టేపుతో చేసిన పని ఆవిడ కుంచెతో ఎన్నోసార్లు చేసుకున్నారు. చివరికి మాత్రం పిల్లను ఉంచి పంపారు."

గుండీలక్క భూతద్దం వదల్లేదు. ఎర్రటి పొరలు చూస్తూనే ఉంది. కోపం వచ్చినప్పుడల్లా అక్క తనను చెరిపేసిందన్నమాట. కోపం పోయినప్పుడల్లా గుండీతో సహా మళ్ళీ కూర్చోబెట్టిందన్నమాట. ఇన్నేళ్ళూ మాట్లాడుకోలేదనుకుంది తను. అక్క మాట్లాడుతూనే ఉంది. ఆ సంగతి తెలిసి గుండీలక్కకు ఎంత సంతోషమేసిందంటే, ఆ సంతోషం తట్టుకోలేక బల్ల అంచు పట్టుకోవలసి వచ్చింది.

జడ్జిగారు తను రాసిన కార్డు తీసుకుని, చదువుకుని, మధ్యకు చింపేశారు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"తప్పింది నా కార్డు. బొమ్మ కాదు," అన్నారావిడ. "ఖాళీ అనుకున్నాను, కాదు. దాక్కున్నారు. అదింకా మంచి బొమ్మ. బహుమతి అలాగే ఉంటుంది." చింపిన కార్డు ముక్కలు బల్ల మీద పెట్టారు. "కానీ బొమ్మ కూడా ఇలాగే ఉండాలి. ఊడింది ఊడినట్టే. కప్పకూడదు, దిద్దకూడదు. కుంచె తగిలిందా, మాస్టారి నియమం మాస్టారిదే. నేను అడ్డురాను."

బాబాయి తెల్ల అట్టను బల్ల కిందికి తోసేశాడు. మాస్టారు ఆనందం పట్టలేక, ఎవరూ అడగకుండానే నియమాల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. అంతా సుఖాంతమే కదా అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకుని కలం మూతపెట్టబోయాను. ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడయింది.

*

కొన్ని అడుగుల చప్పుళ్ళు చెవి మర్చిపోదు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా, మధ్యలో రెయిలింగు మీద గాజుల చెయ్యి. గుండీలక్క కళ్ళజోడు తీసేసింది. ఎందుకు తీసిందని అడిగితే ఆవిడ కూడా చెప్పలేదు.

గుమ్మంలో మసగ్గా ఒక మనిషి ఆకారం నిలబడింది. ఎంపికైన బొమ్మలవాళ్ళను సాయంత్రం రమ్మన్నారు. ఈవిడ వేళకన్నా ముందే వచ్చింది. వచ్చి ఎవరినీ పలకరించలేదు. గోడల వెంట చూసుకుంటూ, చూసుకుంటూ, బల్ల దగ్గరికి నడిచి తన బొమ్మ ముందు ఆగింది.

"మీకే మొదటి బహుమతి!" అన్నారు మాస్టారు, ఇక ఆగలేక.

ఆవిడ విన్నట్టు లేదు. బొమ్మ మూలకు వేలు తీసుకెళ్ళింది. తాకలేదు, దగ్గరగా ఆపింది.

"ఇక్కడ గుండీ ఉండాలి," అంది. "ఎవరు పీకేశారు?"

బాబాయి లెవెల్ పట్టీని గుండెకు హత్తుకున్నాడు. మాస్టారు ఏదో నియమం చెప్పడానికి నోరు తెరిచి, ఆ సందర్భానికి తగిన నియమం దొరక్క మూసేశారు.

"నేనే అక్కా."

అనేసింది. అందరూ తనను పిలిచే ఆ మాట, తన నోట్లోంచి వచ్చేసరికి ఎవరో చిన్నపిల్ల అన్నట్టు వినిపించింది.

అక్క వెంటనే తిరగలేదు. బొమ్మ వైపే చూస్తూ, "కళ్ళజోడు లేకుండా అంటించావు," అంది. అడగడం కాదు, చెప్పడం.

"పేర్లు చూడకూడదని..."

"నోట్లో నువ్వుగింజ నానదు కదా నీకు. మరి నేను పేరు ముందు రాశానటే? అట్ట వెనక రాశాను. ముందువైపు నిన్నే పెట్టి పంపితే, టేపు వేస్తావా?" అని అప్పుడు తిరిగింది. ఏడుస్తోందో నవ్వుతోందో కళ్ళజోడు లేని మనిషికి తెలియలేదు. గొంతులో రెండూ ఉన్నాయి. "ఎన్నిసార్లు వేశానో తెలుసా నిన్ను? ఒక్కసారీ కుదురుగా కూర్చోలేదు. మొహం కుదిరితే కాళ్ళు కుదిరేవి కావు. ఆ గుండీ ఒక్కటే ఎప్పుడూ మొదటిసారికే కుదిరేది. దాన్నే పీకావు."

"తెలిసి చెయ్యలేదక్కా."

"తెలిసి చేసినవాళ్ళెవరున్నారులే మనిద్దరిలో."

అక్క సంచీ బల్ల మీద పెట్టి, చిన్న రంగుల పెట్టె తీసింది. ఎరుపు మూత తీసింది. కుంచె మొనను పెదాలతో సన్నగా చేసుకుంది.

మాస్టారు గాభరాపడి ముందుకొచ్చారు. "అమ్మా, ఆగండి, ఆగండి. మొదటి బహుమతి మీదే. జడ్జిగారు అన్నీ తెలిసే ఖాయం చేశారు. బొమ్మ ఇలాగే ఉంచితే చాలు. కానీ కుంచె తగిలితే మటుకు బహుమతి పోతుంది. నియమం. రాసింది నేనే, మార్చడానికి నాకే వీల్లేదు." ఆ నియమం రాసిన రోజును ఆయన మనసులో తిట్టుకుంటున్నారని మొహం చూస్తేనే తెలుస్తోంది.

అక్క జడ్జిగారి వైపు చూసింది. జడ్జిగారు ఔనన్నట్టు తల ఊపారు.

"వద్దక్కా," గుండీలక్క అక్క మోచెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళ తర్వాత తాకడం, అది కూడా ఆపడానికి. "ఇన్నాళ్ళకు నీకొచ్చింది. వదులుకోకు. గుండీ లేకపోతే ఏమైంది? ఎవరు చూస్తారు అంత చిన్నది?"

కింద తలుపులు తెరుచుకున్నాయి. జనం మాటలు, చెప్పులు, పిల్లల కేకలు కలిసి గుసగుసలాగా మెట్ల మీదుగా పైకి రాసాగాయి. గాజు పలకల వెలుగు బల్ల మీంచి జారి గచ్చు మీదికి దిగింది.

అక్క చెల్లెలి మెడలో వేలాడుతున్న కళ్ళజోడు తీసుకుని, కొంగుతో తుడిచి, ఆవిడ చెవులకు తగిలించింది. చిన్నప్పుడు జడ వేసి తల సరిచేసినట్టు గడ్డం పట్టుకుని కాస్త ఎడమకు తిప్పింది.

"అంతమందిలోకి నిన్ను గుండీ ఊడిన గౌనుతో పంపుతానా? తప్పిపోతే ఎలా పట్టుకోను?" అంది. "బల్ల కింద కూర్చో. ఈసారైనా కదలకు."

గుండీలక్క మోకాళ్ళు నొప్పులని కూడా అనలేదు. బల్ల కింద దూరి, బాబాయి తోసేసిన తెల్ల అట్ట మీద గొంతుక్కూర్చుంది. రెండు చేతులతో నోరు మూసుకుంది. పైన అక్క చెయ్యి కదలడం కనబడదు, గాజులు ఒకసారి గలగలమని వినిపించాయి. తర్వాత, పక్క గదిలో మిషను ఆగినప్పుడు ఆగినట్టు, అన్నీ ఆగాయి. ఎర్ర రంగు ముంచిన కుంచె మొన ఇంకా బొమ్మను తాకలేదు.